నాలుగు నిమిషాల చప్పుడు

బీన్సు కాయను మధ్యకు వంచితే టప్పున విరగాలి. విరక్కుండా వంగిందంటే అది నిన్నటి కాయ, పక్కన పడేయాలి. ఈ సంగతి బీన్సక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ళుగా ఆ హోటల్ వంటగదిలో ఆమె చేతుల మీదుగా కాకుండా ఒక్క బీన్సు కాయ పొయ్యి దగ్గరికి పోలేదు. క్యాబేజీ తరగడానికీ ఉల్లికాడలు కోయడానికీ కూడా ఆమే ఉంది గాని, ఎవరికీ ఉల్లికాడలక్క అనబుద్ధి కాలేదు.

తొడిమ వైపు గిల్లేది, తోక వైపు వదిలేసేది. తోక లేతగా వంపు తిరిగి ఉంటుంది, నూనెలో అన్నిటికంటే ముందు అదే కరకరలాడుతుంది. గిల్లిన కాయల్ని రెండు నీళ్ళు కడిగి, పాత దుప్పటి ముక్క మీద పరిచి, పైన ఇంకో ముక్క కప్పి, పసిపిల్లకు తల తుడిచినట్టు తుడిచేది. తడి ఉంటే బీన్సు వేగవు, ఉడుకుతాయి. ఆ తేడా తిన్నవాడికి తెలుస్తుంది గాని ఎందుకు వచ్చిందో తెలియదు.

ఆమె పనిచేసే స్టీలు బల్ల గోడకు ఆనించి ఉంది. వెనకాల నాలుగడుగుల దూరంలో వంట మాస్టర్ పొయ్యి. తొమ్మిదేళ్ళుగా ఒకరి వీపు ఒకరికి ఆనవాలు.

వెల్లుల్లి బీన్సు అంటే ఆ హోటల్లో పెద్ద వంటకమేమీ కాదు. నూడుల్సో అన్నమో తెప్పించుకున్నవాళ్ళు పక్కన పచ్చగా ఏదైనా ఉండాలని తెప్పించుకునే చిన్న ప్లేటు. పెద్దమంట మీద నాలుగు నిమిషాల పని. బీన్సు, తరిగిన వెల్లుల్లి, కాస్త అల్లం, సోయా సాస్, దించాక ఒక చెంచా వేయించిన నువ్వుల నూనె, పైన చిటికెడు నువ్వులు. అంతే. కాని ఎదురుగా ఉన్న ఆఫీసుల వాళ్ళు మధ్యాహ్నం రోడ్డు దాటి వచ్చేది ఆ చిన్న ప్లేటు కోసమేనని సర్వర్లు చెప్పుకునేవారు.

ఆ సోమవారం ఆ చిన్న ప్లేట్లు ఆరు వెనక్కి వచ్చాయి, నిండుగా.

మేనేజరు వాటిని ట్రేలో పెట్టించుకుని తనే వంటగదిలోకి వచ్చాడు. ట్రేను తన బట్టలకు తగలకుండా చేయి చాపి పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఇవేం బీన్సు? కంపు కొడుతున్నాయట! పన్నెండు మంది బల్ల. సగంలో లేచి వెళ్ళిపోయారు."

"పొద్దున్నే వచ్చిన కాయలు సార్. ఒక్కొక్కటీ విరిచి చూశాను."

"చూస్తే ఇలా ఎందుకొస్తాయి? కుళ్ళినవి కలిపేసి ఉంటావు. పనిలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ?"

ఆయన ఆ ప్లేటు వాసన చూడనేలేదు. వాసన వచ్చిందన్న మాట విన్నాడు, అంతే. బీన్సు అనగానే బీన్సక్క గుర్తొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఇక్కడ దుత్త చేతికందేంత దగ్గరలో నిలబడి ఉంది.

బీన్సక్క మాస్టర్ వైపు చూసింది. వండిన మనిషి ఆయన. కాయలు మంచివో కావో బాణలిలో పడగానే ఆయనకు తెలుస్తుంది. ఒక్క మాట చాలు. మాస్టర్ బెల్లం కొట్టిన రాయిలా పొయ్యి వైపే తిరిగి నిలబడ్డాడు. చేతిలో గరిటె ఉంది, బాణలిలో ఏమీ లేదు.

"ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటాను" అని మేనేజరు ట్రేను సింకు దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక ప్లేటు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన కాయది కాదు, నూనెది. కమురు కంపు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వెల్లుల్లి ఒక్క క్షణం ఎక్కువ వేగితే గుమ్మం దగ్గరి నుంచే పసిగట్టే మాస్టర్, ఈ కంపు తెలియకుండా ఆరు ప్లేట్లు పంపాడా? తెలిసీ పంపి, తిట్లు తనకు వదిలాడా?

ఆ సాయంత్రం ఆ ప్లేటులోంచి నాలుగు కాయల్ని డబ్బాలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది. అత్తగారికి చూపు తగ్గింది గాని ముక్కు మాత్రం తగ్గలేదు. పక్కింట్లో పాలు పొంగినా ఈవిడే ముందు లేస్తుంది. మంచం మీద కూర్చుని డబ్బా మూత తీసి, వెంటనే పెట్టేసింది.

"ఎవరే ఈ నూనె పోసింది? దీపానికి కూడా పనికిరాదు."

"కాయలు ఎలా ఉన్నాయత్తయ్యా?"

"కాయలకేం, బంగారంలాంటి కాయలు. పాపం వాటి ఖర్మ."

ఆ మాటతో బీన్సక్కకు కడుపు నిండింది. రేపు పొద్దున్నే ఆ నూనె బాటిల్ తీసుకెళ్ళి మేనేజరు ముక్కు కింద పెట్టాలనుకుంది. మాస్టర్ మొహం ఎలా మారుతుందో కూడా చూడాలనుకుంది. అలా అనుకుంటూ హాయిగా నిద్రపోయింది.

మంగళవారం అందరికంటే ముందు వచ్చింది. పొయ్యి పక్కన మాస్టర్ అర ఉంది. అందులో అయిదు బాటిళ్ళు, ఒకే రకానివి, ఒకే ఎత్తువి, దేనికీ చీటీ లేదు. వాటికి వరసే పేరు. మొదటిది వెనిగర్, రెండోది సోయా, మూడోది మిరప సాస్, నాలుగోది నువ్వుల నూనె. అయిదోది కొంచెం దూరంగా గోడ వారన ఉంటుంది. అది వాడేసిన పాత నూనె. కడిగిన ఇనప బాణళ్ళు తుప్పు పట్టకుండా రాయడానికి ఉంచుతారు. మంట మీద పని చేస్తున్నప్పుడు మాస్టర్ అర వైపు చూడడు. చేయి వెళ్ళిన చోట బాటిల్ ఉండాలి. అందుకే ఆ అర తుడిచినవాళ్ళు వరస మార్చకూడదని కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెబుతారు.

ఆమె నాలుగో బాటిల్ మూత తీసింది. కమురు కంపు. అయిదో బాటిల్ తీసింది. కమ్మటి నువ్వుల వాసన ముక్కుకు తగిలింది.

మూత చేతిలో ఉండగానే ఆమెకు శనివారం గుర్తొచ్చింది. అంట్లు తోమే ఆవిడ ఆ రోజు రాలేదు. హోటల్ మూసే ముందు ఆ అర తుడిచింది తనే. బాటిళ్ళన్నీ కిందికి దించి, తడిగుడ్డ పెట్టి, పొడిగుడ్డ పెట్టి, మళ్ళీ పైన పెట్టింది. ఆదివారం హోటల్ సెలవు. సోమవారం ఆరు ప్లేట్లు వెనక్కి వచ్చాయి.

నిన్నంతా అన్యాయం జరిగిందని కుమిలిపోయిన మనిషి ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసింది. వంటగదిలో ఇంకా ఎవరూ లేరు. రెండు బాటిళ్ళూ గబగబా మార్చి పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం బీన్సు ప్లేట్లు నున్నగా ఖాళీ అయి వచ్చాయి. మేనేజరు తలుపు దగ్గర నిలబడి, "చూశావా, గట్టిగా చెబితే కాయలు కూడా మాట వింటాయి" అన్నాడు. మింగలేక కక్కలేక ఆమె క్యాబేజీ తరుగుతూ ఉండిపోయింది.

అయినా ఒక విషయం తెగలేదు. బాటిల్ మార్చింది తను, నిజమే. కాని మూత తీసినప్పుడు ఆ కంపు ముక్కు ఉన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

మూడింటికి పొయ్యిలు ఆరాయి. మాస్టర్ వెనక గుమ్మంలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బీన్సక్క అయిదో బాటిల్ పట్టుకుని వెళ్ళింది. మూత తీసి ఆయన మొహం దగ్గర పెట్టింది.

"మాస్టర్, ఈ నువ్వుల నూనె బానే ఉందా? ఒకసారి చూడండి."

మాస్టర్ ముందుకు వంగి గాలి పీల్చాడు. కాని ఆయన కళ్ళు బాటిల్ మీద లేవు, ఆమె మొహం మీద ఉన్నాయి. ఆమె కనుబొమల్ని, పెదవుల్ని ఒక్క క్షణంలో చదివేశాడు. ఆమె ఏ భావమూ కనపడకుండా నిలబడింది.

"బానే ఉందక్కా" అన్నాడు.

ఆమె మూత పెట్టేసింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అది పాత నూనె కదూ?" అన్నాడు చివరికి.

"అవును."

"జ్వరం వచ్చింది చూశారా, వారం రోజులు రాలేదు నేను. జ్వరం పోయింది, దాంతో వాసనా పోయింది. నాలుగు నెలలైంది. నాలిక మీద ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. అంతే. మా ఇంట్లో కూడా చెప్పలేదు. వాసన తెలీని వంటవాణ్ణి ఎవరుంచుకుంటారక్కా? నిన్న నోరు తెరిస్తే ఇదంతా బయటపడుతుందని భయమేసింది. మీరు మాటలు పడుతుంటే కుక్కిన పేనులా నిలబడ్డాను."

ఆమెకు కోపం రావాలి. నిన్నటి నుంచి దాచుకున్న కోపం. వెతికితే అది పెట్టిన చోట లేదు.

"బాటిల్ మార్చింది నేనే మాస్టర్. శనివారం తుడిచి తప్పు పెట్టాను."

ఆయన తలెత్తి చూశాడు.

"తప్పు పెడితే మాత్రం ఏమైంది? వాసన చూసుకోవాల్సింది నేను" అన్నాడు.

"మరి నాలుగు నెలలుగా ఎలా వండుతున్నారు? మేమంతా తింటూనే ఉన్నాం కదా, ఒక్క రోజు కూడా తేడా రాలేదే?"

మాస్టర్ చెవి మీద వేలితో తట్టుకున్నాడు. "ఇవి ఉన్నాయిగా."

ఆమె ఏదో హాస్యమనుకుంది.

బుధవారం పదకొండున్నరకు మొదటి ఆర్డర్ చీటీ వచ్చింది. "అక్కా, ఇలా వచ్చి నిలబడండి. కళ్ళు మూసుకోండి" అన్నాడు మాస్టర్. తొమ్మిదేళ్ళలో ఆమె ఆ పొయ్యి ముందు నిలబడడం అదే మొదటిసారి. కూరలు తరిగేవాళ్ళు మంట దగ్గరికి రాకూడదని ఎవరూ రాసి పెట్టలేదు. ఎవరూ రాలేదు, అంతే. వేడి మొహానికి కొట్టింది. కళ్ళు మూసుకుంది.

బీన్సు పడ్డాయి. రేకుల కప్పు మీద జడివాన కురిసినట్టు హోరు.

"అది కాయలో నీళ్ళు" అంది మాస్టర్ గొంతు. "వాన తగ్గేదాకా ఆగాలి."

గరిటె ఇనుముకు తగులుతోంది. హోరు పలచబడింది. వాన చినుకులైంది. చినుకుల మధ్య ఖాళీలు వచ్చాయి. తరవాత ఒక కొత్త చప్పుడు మొదలైంది, ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరమని.

"ఇప్పుడు తోలు ముడతలు పడింది. వెల్లుల్లి వేస్తున్నాను. వినండి."

సన్నగా, చురచురమని వందల చిన్న నోళ్ళు ఒక్కసారి మాట్లాడినట్టు వినిపించింది. ఆ మాటలు సద్దుమణుగుతూ సద్దుమణుగుతూ ఇక ఆగిపోబోతున్నాయనగా ఆమె కుడిచేయి దానంతట అది ముందుకు కదిలింది. సరిగ్గా అప్పుడే సోయా సాస్ బాణలి అంచు మీద పడి చుయ్యిమంది.

కళ్ళు తెరిచింది. మాస్టర్ ఆమె చేతి వైపే చూస్తున్నాడు.

"మీకు తెలుసే!" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. నిజమే, తెలుసు. తొమ్మిదేళ్ళు గోడ వైపు తిరిగి కాయలు గిల్లుతూ ఉంటే, వెనక నుంచి ఈ వాన, ఈ చినుకులు, ఈ చుయ్యి రోజుకు ముప్ఫై నలభై సార్లు ఆమె చెవుల్లో పడుతూనే ఉన్నాయి. వినాలని ఎప్పుడూ వినలేదు. తనకు పొయ్యి దగ్గర పని లేదనుకుంది. తనకే తెలియకుండా ఇంత వంటను తనలో ఎవరో తెచ్చి పోసి వెళ్ళినట్టుంది. ఎదుట ఉన్న మనిషిని చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంది. ముక్కు పోయిన రోజున గరిటె కింద పెట్టేయకుండా, ఆ చప్పుళ్ళలోంచి ఒక్కొక్క రుచినీ ఏరుకున్నాడు. ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా. దణ్ణం పెట్టాలనిపించింది గాని చేతులకు వెల్లుల్లి ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో చిన్న బాణలి పెట్టి, గుప్పెడు బీన్సు వేసి కళ్ళు మూసుకుంది.

"అమ్మా, నిలబడి నిద్రపోతున్నావా?" అంది కూతురు పుస్తకంలోంచి తలెత్తి.

"మాట్లాడకే. వాన తగ్గుతోంది."

కూతురు కిటికీలోంచి బయటకు చూసింది. ఆకాశం తేటగా ఉంది. ఇంతలో వెల్లుల్లి కూడా బాణలిలో పడింది. నానమ్మ మంచం మీద నుంచి, "దాన్ని కదిలించకు. వెల్లుల్లి ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది.

గురువారం మధ్యాహ్నం హోటల్ కిక్కిరిసి ఉంది. చీటీలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. అప్పుడు వచ్చాడు మేనేజరు.

"ఏమ్మా, ఆ పన్నెండు మందీ మళ్ళీ రాలేదు. మొన్నటి కంపు సంగతి మన ఓనరు పెద్దాయన దాకా వెళ్ళింది. సోమవారం నుంచి వేరే ఆవిడ వస్తుంది. ఈ వారం పూర్తి చేసుకుని వెళ్ళు."

బీన్సక్క చేతిలో కాయ సగం విరిగి ఆగిపోయింది. వెంటనే నోటికి వచ్చిన మాట ఒకటుంది. అది అంటే తను నిలబడుతుంది, మాస్టర్ పడిపోతాడు. అయినా బాటిల్ మార్చిన చేయి తనదే కదా. ఆ మాటను వెనక్కి మింగింది.

"బాటిల్ తప్పు పెట్టింది నేనే సార్. సరే" అంది.

వెనకాల పొయ్యి ఆరిపోయింది.

పన్నెండున్నరకు ఆ పొయ్యి ఆరడం ఆ వంటగదిలో ఎవరూ ఎరగరు. అంట్లు తోమే ఆవిడ కూడా తలెత్తింది. మాస్టర్ చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.

"ఆవిడ తప్పు కాదు సార్. కాయలు మంచివే. నూనె పాడైంది. పాడైన నూనె పోసింది నేను. నాకు వాసన తెలీదు. నాలుగు నెలలుగా తెలీదు."

మేనేజరు నవ్వబోయి మానేశాడు. "వాసన తెలీకుండా ఎలా వండుతున్నావయ్యా?"

"విని."

మేనేజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తనను ఆట పట్టిస్తున్నారేమోననుకున్నాడు. ఆ మొహాల్లో ఆట లేదు.

"పెద్దాయనకు చెప్పేదాకా నువ్వు పొయ్యి ముట్టుకోకు" అన్నాడు. అంతలో సర్వర్ కిటికీలోంచి, "ఎనిమిది బీన్సు! ఎనిమిది!" అని కేకేశాడు. మేనేజరుకు చెమట పట్టింది. రెండో వంటమనిషి నూడుల్సు బాణళ్ళు రెండింటి మధ్యా నలిగిపోతూ, నన్నడక్కండన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నేను వేస్తాను" అంది బీన్సక్క.

"నువ్వా?"

"సోమవారం దాకా నేనిక్కడే ఉన్నానుగా సార్."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మాస్టర్ పక్కకు జరిగాడు. ఎలా చేయాలో చెప్పలేదు, జాగ్రత్త అని కూడా అనలేదు. తిన్నగా వెళ్ళి ఆమె బల్ల దగ్గర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపు చేతులకు ఏం పని పెట్టాలో తెలియలేదు. కాయలు తీసుకుని గిల్లడం మొదలుపెట్టాడు. టప్, టప్, టప్.

మంట లేచింది. బాణలి తను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. నూనె పొగ చూసి బీన్సు వేసింది. వాన మొదలైంది. మేనేజరు ఏదో అంటున్నాడు, సర్వర్ ఏదో అరుస్తున్నాడు, అవేవీ వినిపించలేదు. వాన వినిపించింది, వెనకనుంచి టప్ టప్ వినిపించింది. చినుకులయ్యాయి. గరగర వచ్చింది. వెల్లుల్లీ అల్లమూ వేసింది. చిన్న నోళ్ళన్నీ మాట్లాడాయి, సద్దుమణుగుతున్నాయి. ఇప్పుడా, ఇంకొంచెం ఆగాలా? ఎడమచేయి సోయా బాటిల్ మీద ఉంది.

వెనకాల కాయల చప్పుడు ఆగిపోయింది. మాస్టర్ వింటున్నాడు.

ఆమె ఒక్క ఊపిరి ఆగి, పోసింది. చుయ్యిమంది. బాణలి ఎత్తి దించేసింది.

టప్, అని వెనక నుంచి వినిపించింది. టప్, టప్.

ఆమెకు కళ్ళు తడిశాయి. పొగ వల్ల అనుకోవడానికి వీలుగా అక్కడ పొగ కూడా ఉంది. నాలుగో బాటిల్ తీసి, మూత తీసి, ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత ఎనిమిది ప్లేట్ల మీదా తలా ఒక చెంచా పోసి, నువ్వులు చల్లింది.

బాణలి అంచున నాలుగైదు కాయలు మిగిలాయి. మేనేజరు ఒకటి తీసుకుని ఈసారి వాసన చూశాడు. నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. మూడోది తీసుకుంటూ, "సోమవారం ఆవిణ్ణి రావద్దని చెబుతాను" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"మరి మాస్టర్ సంగతి సార్?"

"వాసన తెలీని మనిషి గురించి పెద్దాయనకు నేనేం చెప్పనమ్మా?"

"చెవులు ఆయనవి, ముక్కు నాది. రెండూ ఒకే వంటగదిలో ఉంటాయని చెప్పండి."

మేనేజరు నాలుగో కాయ కూడా నమిలేశాడు. "పొయ్యి వెలిగించవయ్యా, చీటీలు ఆగిపోయాయి" అని మాస్టర్ వీపుతో చెప్పి వెళ్ళిపోయాడు. ఖాళీ ప్లేట్లు అప్పుడే వెనక్కి రావడం మొదలైంది. అంట్లు తోమే ఆవిడ ఒకటి వెలుతురులో పట్టి చూసి, "ఇది కడగక్కర్లేదు, నాకేశారు" అంది.

బీన్సక్క తన బల్ల దగ్గరికి వచ్చింది. మాస్టర్ గిల్లిన కాయలు కుప్పగా ఉన్నాయి. అన్నీ రెండు వైపులా పొట్టిగా, బోడిగా ఉన్నాయి.

"అయ్యో మాస్టర్, తోకలన్నీ తుంచేశారేంటి?"

ఆయన కుప్ప వైపు చూశాడు, తరవాత పక్కనే ఆమె గిల్లిన కాయల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"తొమ్మిదేళ్ళుగా మీరు ఇచ్చిన కాయలే వేపుతున్నానక్కా" అన్నాడు. "తోక ఉంచుతారని ఒక్క రోజూ చూడలేదు."

ఆమె ఒక కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇటు తొడిమ. ఇది గిల్లాలి. అటు తోక. దాని జోలికి పోకూడదు."

మాస్టర్ కళ్ళు మూసుకుని వేళ్ళతో కాయను అటూ ఇటూ తడిమి చూసుకుని గిల్లాడు. ఈసారి తోక ఉండిపోయింది.